బ్రహ్మగారి ఆయుష్షుకి ఎన్ని బిట్లు కావాలి?

మన ప్రోగ్రామర్లకి కాలం 1970 జనవరి 1న మొదలవుతుంది. అంతకు ముందు జరిగిన మహాభారతం, పానిపట్టు యుద్ధం, మా నాన్న పుట్టడం అన్నీ మైనస్ గుర్తు వెనకాలే. ఆ రోజు నుంచి ఒక్కో సెకనూ లెక్కబెట్టుకుంటూ పోవడమే యూనిక్స్ టైమ్. దాన్ని 32 బిట్లలో పెట్టుకున్న వాళ్ళకి 2038 జనవరి 19 పొద్దున, మన గడియారంలో 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి డబ్బా నిండిపోతుంది. ఆ తర్వాతి సెకను వాళ్ళని 1901కి తీసుకుపోతుంది.

మా ఊరి పూజారిగారిది ఇంకో లెక్క. మా ఊరు కార్వేటినగరం. చిత్తూరు జిల్లా, పుత్తూరుకి దగ్గర. ఒకప్పుడు జమీందారీ. వేణుగోపాలుడి మీద పదాలు కట్టిన సారంగపాణి ఈ ఊరి సంస్థానం కవే. ఆ వేణుగోపాలస్వామి గుళ్ళో అర్చన చేయించుకుంటే పూజారిగారు ముందు సంకల్పం చెబుతారు కదా. బ్రహ్మ ఆయుష్షులో రెండో సగం, అందులో శ్వేతవరాహ కల్పం, అందులో వైవస్వత మన్వంతరం, అందులో కలియుగం మొదటి పాదం... ఇట్లా దిగి దిగి ఈ ఏడాది పేరు, అయనం, ఋతువు, నెల, పక్షం, తిథి, వారం దాకా వస్తారు. పెద్ద యూనిట్ ముందు, చిన్న యూనిట్ తర్వాత. ఇది పక్కా టైమ్ స్టాంపు. చిన్నప్పుడు ప్రసాదం ఎప్పుడు పెడతారా అని చూస్తూ విన్నదాన్ని, ఉద్యోగంలో చేరి డేట్ ఫీల్డులతో కుస్తీ పట్టడం మొదలుపెట్టాక కొంచెం శ్రద్ధగా వినడం మొదలైంది.

సరే, లెక్కలోకి దిగుదాం. కలియుగం 4,32,000 ఏళ్ళు. ద్వాపరం దానికి రెట్టింపు, త్రేత మూడింతలు, కృతం నాలుగింతలు. నాలుగూ కలిపితే పదింతలు, అంటే 43,20,000 ఏళ్ళ మహాయుగం. 71 మహాయుగాలు ఒక మన్వంతరం, 30,67,20,000 ఏళ్ళు. అట్లాంటివి 14 అయితే ఒక కల్పం, అంటే బ్రహ్మకి ఒక పగలు. కానీ 14ని 71తో గుణిస్తే 994 మహాయుగాలే వస్తాయి. కల్పానికి 1000 కావాలి. మిగిలిన 6 ఎక్కడ? మన్వంతరాల ముందూ వెనకా మధ్యలోనూ 15 సంధులు పెట్టారు, ఒక్కోటి కృతయుగమంత. కృతయుగం మహాయుగంలో 0.4 వంతు కాబట్టి 15 సంధులకి సరిగ్గా 6. మొత్తం 1000. కల్పం 432 కోట్ల ఏళ్ళు. ఇట్లా ప్యాడింగ్ పెట్టి రికార్డు సైజు గుండ్రం చేసే అలవాటు మనకొక్కరికే ఉందనుకోకండి :)

ఇప్పుడు వీటిని మన డబ్బాల్లో కుక్కి చూద్దాం. 64 బిట్ల లాంగ్ తీసుకుని అందులో నానోసెకన్లు పోస్తే 292 ఏళ్ళు పడతాయి. ఔరంగజేబు కాలం నుంచి నేటికి కూడా చాలవు. మిల్లీసెకన్లు పోస్తే సుమారు 29.2 కోట్ల ఏళ్ళు. మన్వంతరం 30.67 కోట్లు కదా, అంటే జావా వాళ్ళ మిల్లీసెకన్ల లెక్కలో ఒక్క మన్వంతరం కూడా పట్టదు! కొంచెంలో తప్పిపోయింది పాపం. సెకన్లకి దిగితే సుమారు 29,200 కోట్ల ఏళ్ళు. కల్పాలు 67 దాకా పడతాయి. మరి బ్రహ్మగారి నూరేళ్ళు? రోజుకి పగలూ రాత్రీ కలిపి 864 కోట్లు, ఏడాదికి 360 రోజులు, నూరేళ్ళు: 3,11,04,000 కోట్ల ఏళ్ళు. 64 బిట్ల సెకన్ల డబ్బాలు వెయ్యికి పైగా కావాలి. 128 బిట్లకి పోవాల్సిందే.

నవ్వులాటకి చెప్పినా ఇదేమీ ఉత్తుత్తి సమస్య కాదు. 25 రోజుల్ని మిల్లీసెకన్లు చేస్తే 216 కోట్లు. 32 బిట్ల ఇంటిజర్ 214 కోట్ల పైచిలుకు దగ్గరే ఆగిపోతుంది. కల్పాల దాకా అక్కర్లేదు, నెలజీతం వచ్చేలోపే ఓవర్‌ఫ్లో. 2015లో అమెరికా విమానయాన సంస్థ బోయింగ్ 787 విమానాల మీద ఒక ఆదేశం ఇచ్చింది. 248 రోజులు వరసగా కరెంటు ఆపకుండా ఉంచితే జనరేటర్లని నడిపే సాఫ్ట్‌వేర్ కౌంటర్ నిండిపోయి కరెంటు పోవచ్చని, మధ్యలో ఆపి పెట్టమని. సెకనులో వందో వంతు చొప్పున లెక్కపెడితే 32 బిట్ల సైన్డ్ కౌంటర్ నిండేది సరిగ్గా ఆ 248 రోజులకే.

అయితే ఇంత పెద్ద అంకెలు మన సిద్ధాంతకర్తలకి ఎందుకు కావలసి వచ్చాయి? గొప్పలకి మాత్రం కాదు. సూర్యసిద్ధాంతం చూడండి. ఒక మహాయుగంలో చంద్రుడు 5,77,53,336 చుట్లు తిరుగుతాడు. శని 1,46,568 చుట్లు. మొత్తం రోజులు 157,79,17,828. అన్నీ పూర్ణాంకాలే. ఏడాదికి ఎన్ని రోజులు అని అడిగితే 365.258756 అని భిన్నం చెప్పాలి. అదే 43,20,000 ఏళ్ళకి ఎన్ని రోజులు అంటే భిన్నం మాయం. మనం రూపాయల్ని ఫ్లోట్‌లో పెట్టకుండా పైసల్లో పెట్టుకుంటాం చూడండి, అదే ఉపాయం. అక్కడి నుంచి కలియుగం మొదలైన రోజుని, అంటే క్రీ.పూ. 3102 ఫిబ్రవరిని, సున్నాగా పెట్టుకుని అప్పటి నుంచి గడిచిన రోజులు లెక్కేస్తారు. దాని పేరు అహర్గణం. ఇప్పటికి 18,72,000 దాటింది. అది యూనిక్స్ టైమ్ కాకపోతే మరేమిటి?

ఇక్కడే ఒక మెలిక. కలియుగం ఎన్ని రోజులు అని ఇద్దరు ప్రోగ్రామర్లని అడగండి. ఒకరు 365తో గుణిస్తారు, ఒకరు 365.2425తో. ఇద్దరి మధ్య తేడా 1,04,760 రోజులు. సుమారు 287 ఏళ్ళు. ఏ ఏడాదితో గుణించావు అన్నది చెప్పకుండా జవాబు ఒక్కటే చెబితే ఆ జవాబుకి విలువ లేదు.

ఇంకో మెలిక మన ఫార్వర్డు మెసేజీల్లో ఉంటుంది. "కల్పం 432 కోట్ల ఏళ్ళు, భూమి వయసు 454 కోట్లు, చూశారా మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు" అని. నాకు మనవాళ్ళ లెక్కలంటే గౌరవమే, అందుకే ఆ మెసేజీ వస్తే ఒళ్ళు మండుతుంది. 432 కోట్లు అన్నది బ్రహ్మ పగలు మొత్తం ఎంతసేపు అన్న లెక్క. 454 కోట్లు అన్నది ఇప్పటిదాకా గడిచిన కాలం. ఒకటి షిఫ్టు పొడవు, ఇంకొకటి లాగిన్ అయి ఎంతసేపయింది అన్నది. పోల్చాలంటే కల్పంలో గడిచినదాన్ని పోల్చాలి: ఆరు మన్వంతరాలు, ఏడు సంధులు, 27 మహాయుగాలు, ఆపైన కృత త్రేతా ద్వాపరాలు, కలిలో ఐదువేల చిల్లర. కూడితే 197 కోట్ల 29 లక్షలు. 454కి దగ్గరేం కాదు. సూర్యసిద్ధాంతం రాసినాయనకి ఈ తేడా బాగా తెలుసు. మెసేజీ పంపినాయనకే తెలియదు.

సరే, పెద్ద లెక్కలు అయిపోయాయి. ఇవన్నీ కంప్యూటరు క్షణంలో చేసేస్తుంది. గుణకారం ఎప్పుడూ కష్టం కాదు. కష్టం ఎక్కడంటే, మనిషి చెప్పిన కాలాన్ని ఫారంలో గడిలోకి మార్చేటప్పుడు. మా చిన్నతాత సంగతి చెబుతాను.

మా వైపు ఊళ్ళలో కాలం నాలుగైదు రకాలుగా నడుస్తుంది. ఏడాది పేర్లు మనవే, ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై. ఉగాది చేస్తాం. కానీ 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మేము ఉత్తర ఆర్కాటు జిల్లావాళ్ళం కాబట్టి ఆడి నెల, ఆడికృత్తిక కూడా మావే. ఆడికృత్తికకి కావళ్ళు ఎత్తుకుని తిరుత్తణి పోయేవాళ్ళు ఇంటికొకరు ఉంటారు. పొలం కాగితాల్లో ఇంకో లెక్క, ఫసలీ. జులై 1న మొదలవుతుంది, 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది. ముసలివాళ్ళ నోట గడియలు, జాములు. గడియ 24 నిమిషాలు. గడియల్ని గంటలు చెయ్యాలంటే రెండుతో గుణించి అయిదుతో భాగించాలి, అంతే.

చిన్నతాత మామిడితోటలకి కాపలా ఉండేవాడు. పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. ఎప్పుడు పుట్టినావు తాతా అంటే తడుముకోకుండా చెబుతాడు. "తారణ. పట్టపగలు ఎండ మసకబారి గ్రహణం పట్టింది సూడు, ఆ అమాస పోయినాక వచ్చిన ఆడికృత్తిక నాడు. మాయమ్మ చెప్పేది."

ఈ వాక్యాన్ని విప్పి చూడండి. తారణ అరవై ఏళ్ళకోసారి వస్తుంది: 1884, 1944, 2004. జీపీఎస్ వారాల లెక్క కూడా ఇంతే. పాత పద్ధతిలో పది బిట్లు, 1024 వారాలకి మళ్ళీ సున్నా. 1999లో ఒకసారి, 2019లో ఒకసారి తిరిగింది. ఏ చుట్టో మనమే వేరే ఆధారంతో తేల్చుకోవాలి. మా తాత విషయంలో ఆధారం కళ్ళ ముందే ఉంది: ఆయనకి ఇరవయ్యేళ్ళూ కావు, నూట నలభయ్యీ కావు. కాబట్టి 1944. ఇక గ్రహణం. 1944 జులై 20, ఆషాఢ అమావాస్య, సూర్యగ్రహణం. అది ఖగోళం లెక్క, ఎవరి దయాదాక్షిణ్యాలూ అక్కర్లేదు. ఆ తర్వాత చంద్రుడు కృత్తికలోకి వచ్చేది సుమారు మూడు వారాలకి. అంటే ఆగస్టు రెండోవారం. ఫసలీ 1354. యూనిక్స్ టైమ్‌లో మైనస్ 80 కోట్ల చిల్లర. చదువురాని మనిషి ఒక్క వాక్యంలో ఇన్ని ఆధారాలు పెట్టి ఇచ్చాడు. చెక్‌సమ్‌తో సహా.

2011లో ఊళ్ళో గుర్తింపు కార్డులకి శిబిరం పెట్టినప్పుడు ఆయన ఇదే వాక్యం చెప్పాడట. కంప్యూటరు ముందున్న అబ్బాయికి తారణ అంటే ఏమిటో తెలియదు. ఆ అబ్బాయి తప్పని నేననను. తెర మీద ఉన్నది మూడు గడులు: తేదీ, నెల, ఏడాది. మూడూ నింపకపోతే ముందుకి పోదు. మనిషిని ఎగాదిగా చూసి 57 ఏళ్ళు అనుకున్నాడు. 2011లోంచి 57 తీసేశాడు. జనవరి 1, 1954. చెట్ల మధ్య తిరిగే మనిషి గట్టిగా ఉంటాడు కదా, వయసు పదేళ్ళు తగ్గినట్టు కనబడ్డం ఆయనకి శాపమయింది.

అప్పట్లో మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛనుకి 65 నిండాలి. అసలు లెక్కలో ఆయనకి 2009లోనే నిండాయి. కార్డు లెక్కలో 2019 జనవరి 1న నిండాయి. కార్డు వచ్చిన దగ్గర్నుంచే చూసుకున్నా, 2014 సెప్టెంబరు దాకా నెలకి 200, అక్టోబరు నుంచి 2018 చివరిదాకా నెలకి 1000. మొత్తం 58,800 రూపాయలు. మనలో చాలామందికి ఒక ఫోను ఖరీదు. ఆయనకి ఏడున్నరేళ్ళ బియ్యం, మందులు. ఆ తర్వాత 2019 జులైలో వయసు 60కి తగ్గించారు, అప్పటికి ఈయనకి ఎటూ వస్తోంది. మార్పించడానికి తిరగలేదా అంటే తిరిగారు. పుట్టిన తేదీకి రుజువు తెమ్మన్నారు. బడికి పోని మనిషికి రుజువేముంటుంది? సూర్యచంద్రులు తప్ప. వాళ్ళని అటెస్ట్ చేసే గెజిటెడ్ ఆఫీసరు దొరకలేదు.

జనవరి 1 అన్నది ఎంత నమ్మకంగా కనబడుతుందో చూడండి. తేదీ ఉంది, నెల ఉంది, ఏడాది ఉంది. తాత చెప్పిందేమో పాటలా ఉంది, గ్రహణాలూ పండగలూ. కానీ నిజంగా కొలత ఉన్నది తాత మాటలో. కార్డులో ఉన్నది ఒక ఊహ, దానికి రోజు దాకా వేసిన మెరుగు. ఒక యూనిట్ నుంచి ఇంకో యూనిట్‌కి మార్చేటప్పుడు మనకి ఎంతవరకు తెలుసో అది కూడా వెంట రావాలి. "ఓ 57 ఉంటాయేమో" అన్నది రోజుల్లోకి మారిపోగానే ఆ "ఏమో" ఎక్కడికి పోయింది? పోయింది అని ఎక్కడా రాసి కూడా లేదు. పదేళ్ళ తర్వాత ఆ వరసని చదివే ఏ ప్రోగ్రామూ అది ఊహ అని కనిపెట్టలేదు.

ఇట్లా కాకుండా చెయ్యొచ్చా అంటే చెయ్యొచ్చు, దారి ఎప్పుడో వేసి ఉంది. తేదీలు ఎట్లా రాయాలో చెప్పే ఐఎస్ఓ 8601కి 2019లో రెండో భాగం వచ్చింది. సుమారుగా, సందేహంగా, నెల వరకే తెలుసు అన్న తేదీలని రాసే పద్ధతి అందులో ఉంది. ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్లు వాడే ఎఫ్‌హెచ్ఐఆర్ ప్రమాణంలో పుట్టిన తేదీ గడిలో ఏడాది ఒక్కటే రాసినా, ఏడాదీ నెలా రాసినా చెల్లుతుంది. మనం చెయ్యాల్సిందల్లా టేబుల్ కట్టేటప్పుడు "నాట్ నల్" అని కొట్టేముందు ఒక్క నిమిషం ఆగి, ఈ గడి నింపలేని మనిషి ఎవరైనా ఉన్నారా అని ఆలోచించడం. పక్కన ఇంకో చిన్న గడి, "ఎంతవరకు తెలుసు" అని. ఒక బైటు కూడా పట్టదు. రిక్వైర్‌మెంట్లలో లేదంటారు. నిజమే, తారణలో పుట్టినవాళ్ళు రిక్వైర్‌మెంట్ల మీటింగుకి రారు.

సహస్ర చంద్ర దర్శనం అని వినే ఉంటారు. వెయ్యి పున్నములు చూసిన మనిషికి చేసే వేడుక. పున్నమి నుంచి పున్నమికి సగటున 29.53 రోజులు కాబట్టి వెయ్యికి సుమారు 80 ఏళ్ళ 10 నెలలు. ఎప్పుడు చెయ్యాలన్న దాంట్లో ఇంటింటికీ ఆచారం వేరుగా ఉంటుంది. నేను ఊరికే పున్నములు లెక్కపెట్టాను. 1944 ఆగస్టు 4న ఒక పున్నమి, తర్వాతది సెప్టెంబరు 2. తాత పుట్టింది ఈ రెంటికీ మధ్య. ఆయన చెప్పిన ఆడికృత్తిక నాలుగు రోజులు అటూ ఇటూ జరిగినా సరే, మొదటి పున్నమి సెప్టెంబరు 2నే. అక్కడి నుంచి వెయ్యోది 2025 జూన్ 11. జ్యేష్ఠ పౌర్ణమి. రైతులు ఎద్దులకి మొక్కి నాగలి కట్టే ఏరువాక పున్నమి!

ఆయనకి తెలిసినంత ఖచ్చితానికి సరిపోయే యూనిట్ పున్నమి. అందుకే ఎక్కడా ఏదీ కల్పించకుండానే లెక్క తేలింది. కార్డు లెక్క ప్రకారమైతే 2034 దాకా ఆగాలి.

ఆ సాయంత్రం ఫోన్ చేసి, తాతా, ఈ పొద్దుది నీకు వెయ్యో పున్నమి అని చెప్పాను. కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "వచ్చినవి వెయ్యా, నేను చూసినవి వెయ్యా?" అన్నాడు. వచ్చినవి అన్నాను. "అట్లయితే కాదులే అబ్బోడా. మా పక్క కార్తీకమాసమంతా మోడమే గదా. మబ్బు పట్టినవన్నీ తీసేస్తే ఇంకా చానా చూడాల నేను" అన్నాడు. లాగ్‌లో ఉన్నదీ నిజంగా జరిగిందీ ఒకటి కాదని టెస్టింగు టీము రోజూ మొత్తుకునేది ఇదే కదా.

మీ ఇళ్ళలోనూ ఇట్లాంటివాళ్ళు ఉండే ఉంటారు. తుఫాను వచ్చిన ఏడు, కరువు ఏడు, పెద్ద గ్రహణం ఏడు అని చెప్పేవాళ్ళు. ఈసారి ఊరికి పోయినప్పుడు అడిగి, వాళ్ళు ఏ మాట అన్నారో ఆ మాటే రాసిపెట్టుకోండి. తేదీగా మార్చకండి, మార్చినా అసలు మాట చెరపకండి. గ్రహణాల పట్టికలు, పంచాంగాలు ఎప్పటికీ ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు లెక్క కట్టుకోవచ్చు. ఆ వాక్యం మాత్రం వాళ్ళ దగ్గరే ఉంటుంది.